నాలుగు స్కానింగుల్లో కనబడనిది హిమోగ్లోబిన్ చీటీలోనే ఉంది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వారికి 46 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరు. మూడేళ్లుగా కడుపు బాగుండటం లేదు. ఒక నెల బాగుంటారు, మళ్లీ ఉబ్బరం, తేన్పులు, బొడ్డు కింద నొప్పి, రోజుకు నాలుగైదు సార్లు పల్చగా విరేచనాలు. ఈమధ్య రాత్రి మూడింటికి నొప్పితో లేచి కూర్చుంటున్నారు. ఒక డాక్టరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు అమీబియాసిస్ అన్నారు. రెండుసార్లు టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కించారు. పరగడుపున గ్యాస్ మాత్ర రెండేళ్లుగా మానలేదు. నడుం నొప్పికని డ్యూటీ రోజుల్లో నొప్పి మాత్ర వేసుకుంటారు. కడుపు స్కానింగ్ నాలుగుసార్లు తీయించాం. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 తప్ప అంతా నార్మల్ అన్నారు. (రక్తం కొంచెం తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. హిమోగ్లోబిన్ రెండేళ్ల కింద 13.8, పోయిన ఏడాది 12.2, పోయిన నెల 10.6.) షుగరు రాకూడదని రాత్రిళ్లు చపాతీయే తింటారు. మనిషి కాస్త తగ్గారు, బెల్టుకు రెండు కొత్త బెజ్జాలు పెట్టించుకున్నారు. హైదరాబాద్‌లో చూపిస్తే పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ చేయించాలన్నారు. ఆయన ససేమిరా అంటున్నారు. "నాలుగు స్కానింగుల్లో లేనిది గొట్టంలో కనబడుతుందా? డబ్బుల కోసం చెబుతారు" అంటారు. దానికి బదులు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే 72 పరీక్షల ప్యాకేజీ చేయించుకుంటారట. అది సరిపోతుందా? కొలనోస్కోపీ ప్రమాదమా? రిపోర్టుల నకళ్లు జత చేశాను. పేరు వేయవద్దు.
(నల్గొండ జిల్లా నుంచి ఒక సోదరి)

జవాబు: అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. 72 పరీక్షల ప్యాకేజీ వద్దు. ఆ రెండు కెమెరా పరీక్షలూ కావాలి. పండగ వెళ్లాక, లీవు దొరికాక అని వాయిదా వేయకుండా ఈ నెలలోనే చేయించండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉబ్బరం, తేన్పుల గురించి ముందే రాశారు. అసలు సంగతిని మాత్రం బ్రాకెట్లో పెట్టారు. 13.8, 12.2, 10.6. మగవాళ్లలో హిమోగ్లోబిన్ 13 కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆయనకు ఏడాదికి ఒకటిన్నర చొప్పున దిగిపోతోంది. ఏ ఒక్క రిపోర్టు విడిగా చూసినా "కొంచెం తక్కువ" అనిపిస్తుంది. చూసిన ప్రతి డాక్టరూ తన రోజు కాగితమే చూసి ఉంటారు. మూడూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. నేనైనా ఓపీలో యాభైమంది వరుసలో ఉంటే పెట్టి చూసేవాణ్ణని గట్టిగా చెప్పలేను. ఉత్తరం కనుక తీరిగ్గా చదివాను.

మీరు జత చేసిన కాగితాల్లో ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, చూడండి. ఎర్ర రక్తకణం ఎంత పెద్దగా ఉందో చెప్పే కొలత అది. 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఆయనది రెండేళ్ల కింద 86, ఇప్పుడు 71. కణాలు చిన్నవైపోతున్నాయంటే చాలావరకు ఐరన్ నిల్వలు అడుగంటుతున్నట్టే. పుట్టుకతో చిన్న కణాలు ఉండే తలసీమియా ట్రెయిట్ లాంటిది అయితే రెండేళ్ల కింద కూడా చిన్నగానే ఉండేవి.

ఆడవాళ్లలో ఐరన్ తగ్గితే నెలసరి వల్లనో, కాన్పుల వల్లనో అనుకోవడానికి కొంత వీలుంది. 46 ఏళ్ల మగమనిషిలో తగ్గుతుంటే, కాదని తేలేదాకా పేగుల్లో ఎక్కడో రక్తం పోతోందనే అనుకోవాలి. "విరేచనంలో రక్తం కనబడలేదు కదా" అంటారేమో. కనబడనక్కర్లేదు. మనం తినే తిండి నుంచి ఒంటికి పట్టే ఐరన్ రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఒక చెంచాడు రక్తంలో దాదాపు రెండున్నర మిల్లీగ్రాములు ఉంటుంది. రోజూ ఒక చెంచా పోతే చాలు, రాబడి కంటే ఖర్చు ఎక్కువైపోతుంది. ఆ చెంచాడు పేగుల పొడవునా ప్రయాణించి మలంలో కలిసిపోతే కంటికి ఆనదు. ఐరన్ మాత్రలతో మలం ఎలాగూ నల్లబడుతుంది కాబట్టి ఇప్పుడు రంగు చూసి చెప్పడమూ కష్టమే. ఐరన్ మాత్ర ఇవ్వడం తప్పు కాదు. ఎందుకు తగ్గిందో వెతక్కుండా ఇచ్చి ఊరుకోవడం మాత్రం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

దీనికి తోడు బెల్టు బెజ్జాలు, రాత్రి మూడింటికి నిద్రలేపే నొప్పి. ఒత్తిడితో ఎక్కువయ్యే పేగుల గొడవ, అదే ఐబీఎస్, మామూలుగా మనిషిని నిద్రలోంచి లేపదు, బరువు తగ్గించదు, రక్తం తగ్గించదు. ఈ మూడూ ఉన్న మనిషికి "గ్యాస్" అని పేరు పెట్టి మాత్ర రాసే హక్కు ఎవరికీ లేదు.

ఇక నాలుగు స్కానింగుల సంగతి. అల్ట్రాసౌండ్ పనిచేసేది శబ్ద తరంగాలతో. గాలి అడ్డం వస్తే ఆ తరంగాలు ముందుకు పోవు. పేగుల నిండా ఉండేది గాలే. కాలేయం, పిత్తాశయం, మూత్రపిండాలు దానికి బాగా కనబడతాయి. రాళ్లుంటే పట్టేస్తుంది. పేగు లోపలి పొర మీద పుండు ఉందా, చిన్న కండ పెరిగిందా అంటే దానికి తెలియదు. ఆయనకు ఆయన భాషలోనే చెప్పండి: బస్టాండులో నిలబడి, వెళ్లిపోతున్న బస్సును చూసి, అందులో టికెట్ లేనివాళ్లు ఎందరో చెప్పగలరా? లోపలికెక్కి ఒక్కొక్కరినీ చూడాల్సిందే కదా. బయట నిలబడి ఇంకో పదిసార్లు చూసినా తేడా రాదు. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అన్నది ఈ రోజుల్లో మన స్కానింగు రిపోర్టుల్లో తరచూ కనబడే మాట. ఆయన బాధకు కారణం అది కాదు.

టైఫాయిడ్ అని రెండుసార్లు సెలైన్లు పెట్టించుకున్నది విడాల్ పరీక్ష చూసే. ఆ కాగితం కూడా పంపారు. జ్వరమే లేని మనిషికి విడాల్ ఎందుకు చేశారో నాకు అర్థం కాలేదు. ఎప్పుడో సోకిన సూక్ష్మజీవి ఆనవాళ్లకే అది పాజిటివ్ చూపించవచ్చు. టైఫాయిడ్ అనుమానముంటే చేయాల్సింది రక్తం కల్చర్, అంటే రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష. ఈ సంగతి ఇంతకుముందు చాలాసార్లు రాశాను, ఇంకా రాస్తూనే ఉంటాను.

72 పరీక్షల ప్యాకేజీ ఎందుకు వద్దంటున్నానో వినండి. ఆరోగ్యంగా ఉన్న నూరుమందిని పరీక్షించి, అందులో 95 మంది విలువలు ఏ అంకెల మధ్య పడతాయో వాటినే చాలా పరీక్షల్లో నార్మల్ హద్దులుగా పెట్టుకుంటారు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా నూటికి ఐదు పరీక్షలు ఎర్ర అక్షరాల్లో రావచ్చు. 72 చేయిస్తే మూడో నాలుగో ఊరికే ఎర్రగా వస్తాయి. వాటి వెంట పడి ఇంకో రెండు నెలలు తిరుగుతారు. అసలు కారణం పేగులోపల అలాగే కూర్చుని ఉంటుంది. ఏ తిండి పడదో రక్తం చూసి చెబుతామని రెండు వందల పదార్థాల పట్టిక ఇచ్చే పరీక్షలు కూడా బయట అమ్ముతున్నారు. ఐజీజీ పరీక్షలంటారు. తిన్న తిండికి శరీరం మామూలుగా చూపే స్పందననే అవి కొలుస్తాయి. ఆ కాగితం నమ్మి పప్పు, పెరుగు, గుడ్డు మానేసి మరింత చిక్కిపోయిన వాళ్లను చూశాను.

ఏ పరీక్షకైనా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: దీని ఫలితం ఇలా వస్తే ఏం చేస్తాం, అలా వస్తే ఏం చేస్తాం? రెండింటికీ ఒకటే జవాబైతే ఆ పరీక్ష అనవసరం. ఉదాహరణకు మలంలో కంటికి కనబడని రక్తం ఉందా అని చూసే పరీక్ష ఉంది, మంచిదే. మీ వారికి మాత్రం అక్కర్లేదు. ఉందని వచ్చినా కొలనోస్కోపీ చేయాలి, లేదని వచ్చినా ఈ హిమోగ్లోబిన్‌తో చేయాలి. మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ అనే ఇంకో పరీక్ష పేగులో వాపు ఉందో లేదో చెబుతుంది. పాతికేళ్ల కుర్రాడికి బరువు తగ్గకుండా, రక్తం తగ్గకుండా విరేచనాలే ఉంటే అది చేయించి కొలనోస్కోపీ తప్పించవచ్చు. ఇక్కడ తప్పించేదేమీ లేదు. పైగా నొప్పి మాత్రలు వాడేవాళ్లలో అది ఊరికే పెరుగుతుంది కూడా.

రక్తంలో కావలసినవి కొన్నే. మళ్లీ ఒకసారి రక్తకణాల లెక్క, ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్, వాపు చెప్పే సీఆర్‌పీ, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల షుగరు. వీటితో పాటు టీటీజీ ఐజీఏ. ఇది గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు కోసం. పంజాబు, హర్యానా వైపు కనబడేంతగా అన్నం తినే మన దక్షిణాదిలో కనబడదు. అయినా ఐరన్ తగ్గడం, పల్చటి విరేచనాలు కలిసి ఉన్నప్పుడు ఒకసారి చూడటం పద్ధతి. ఒక్క జాగ్రత్త: రక్తం ఇచ్చేదాకా చపాతీ మానకూడదు. మానేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. మలంలో కొంకిపురుగు గుడ్ల కోసం కూడా చూపించండి. రక్తం తాగి బతికే ఆ పురుగు పల్లెల్లో ఇంకా పోలేదు.

పైనుంచి చేసే ఎండోస్కోపీతో చూడాలనుకునేది ముఖ్యంగా పుండ్లు. దానికి రెండు కారణాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి, డ్యూటీ రోజుల్లో వేసుకునే ఆ నొప్పి మాత్ర. చీటీలో చూస్తే ఎసిక్లోఫినాక్. జీర్ణాశయం పొరను అది పుండు చేస్తుంది. పరగడుపు గ్యాస్ మాత్ర జీర్ణాశయాన్ని కొంత కాపాడుతుంది గానీ, కింద చిన్నపేగును, పెద్దపేగును కాపాడదు. ఈ రోజు నుంచే ఆ నొప్పి మాత్ర ఆపించండి. నడుం నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు, వేడి కాపడం పెట్టవచ్చు. రెండోది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. పుండ్లకు కారం, కోపం కారణమని ప్రపంచమంతా నమ్ముతున్న రోజుల్లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు 1984లో ఆ సూక్ష్మజీవుల్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించాడు. ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ ఇచ్చారు. మన దగ్గర "అల్సర్ ఉంది, కారం తినొద్దు" అనే సలహా మాత్రం ఇంకా రిటైరవలేదు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడేది. గ్యాస్ మాత్ర వాడుతూ ఎండోస్కోపీకి వెళితే ఆ సూక్ష్మజీవి ఉన్నా పరీక్షలో లేదని రావచ్చు. రెండు వారాల ముందు ఆ మాత్ర ఆపాలి. యాంటీబయాటిక్ వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి. ఆపమని నేను ఇక్కడినుంచి చెప్పను, పరీక్ష చేసే డాక్టరును అడగండి. ఆ డాక్టరుకు పుండు అనుమానం బలంగా ఉంటే ఆపవద్దనే అనవచ్చు. కాకపోతే రెండేళ్లుగా వాడుతున్న సంగతి ఆయనకు తెలియాలి. మాత్ర ఆపిన మొదటి వారం మంట ఎక్కువ కావచ్చు. అప్పుడు చల్లటి యాంటాసిడ్ సిరప్ తాగవచ్చు.

కొలనోస్కోపీ దగ్గరికి వద్దాం. మీ వారు "డబ్బుల కోసం" అంటున్నారు గానీ, నాకు తెలిసి మగవాళ్లు దీన్ని కాదనేది డబ్బు వల్ల కాదు, సిగ్గు వల్ల. ఆ సిగ్గు నాకూ తెలుసు. నాకు యాభై దాటాక నేనూ చేయించుకున్నాను, అదీ నా దగ్గర చదువుకున్న కుర్రవాడి చేత. వెనక చీలిక ఉన్న పైజామా ఇస్తారు, పైన దుప్పటి కప్పుతారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక నాకు గుర్తున్నది ఒక్కటే, సీలింగు ఫ్యానుకు మూడు రెక్కలు. తర్వాత టీ ఇచ్చారు. పరీక్ష జరిగేది అరగంట, ముప్పావుగంట. పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉందా అంటే ఉంది. చూడటానికి మాత్రమే చేసినప్పుడు వెయ్యిమందిలో ఒకరికి, లేదా అంతకన్నా తక్కువ. ఏదైనా కండ కోసి తీస్తే రక్తం వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. చెప్పకుండా దాచడం నాకు ఇష్టం లేదు. ఈ ప్రమాదం పక్కన, ఏడాదికి ఒకటిన్నర చొప్పున తగ్గుతున్న హిమోగ్లోబిన్‌ను పెట్టి చూడండి.

కష్టమంతా పరీక్షలో కాదు, ముందు రోజు ఉంటుంది. పేగు అద్దంలా శుభ్రమైతేనే కెమెరాకు కనబడుతుంది. శుభ్రం కాకపోతే ఎవరు చేసినా వృథా, మళ్లీ రమ్మంటారు. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి, అవి పేగు గోడలకు నల్లగా అంటుకుంటాయి. రెండు మూడు రోజుల ముందు నుంచి తోటకూర, గోంగూర, టమాటా, జామకాయ, నువ్వులు, పల్లీలు, పొట్టుపప్పులు వద్దు. తెల్లన్నం, ఇడ్లీ, పప్పు తేట, పెరుగు, గుడ్డు తినొచ్చు. ముందు రోజు ఆస్పత్రి వాళ్లు ఎప్పటినుంచి అంటే అప్పటినుంచి నీళ్లలాంటివి మాత్రమే: కొబ్బరినీళ్లు, వడగట్టిన చారు తేట, పాలు లేని టీ, చక్కెర నీళ్లు. మజ్జిగ పల్చగా ఉంది కదా అని తాగుతారు, అది లెక్కలోకి రాదు. ఎర్రటి షర్బత్‌లు కూడా వద్దు, లోపల రక్తంలా కనబడతాయి.

తర్వాత ఆ పొడి కలిపిన నీళ్లు. సాధారణంగా రెండు లీటర్లు, ఒక్కోచోట ఎక్కువ. సగం ముందు సాయంత్రం, సగం తెల్లవారుజామున తాగడం మేలు. ఒకేసారి తాగితే వాంతి అవుతుంది, పేగూ సరిగ్గా శుభ్రపడదు. ఉప్పుప్పగా, సబ్బునీళ్లలా ఉంటుందని ముందే చెప్పండి, మోసం చేయకండి. ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యమధ్య నిమ్మచెక్క చప్పరిస్తే గొంతు దిగుతుంది. చివరికి వెళ్లేది లేత పసుపు నీళ్లలా, అడుగు కనబడేలా ఉండాలి. ఇంకా మడ్డిగా ఉంటే సిగ్గుపడకుండా నర్సుకు చెప్పాలి. చివరి గుక్క పరీక్షకు ఎన్ని గంటల ముందు ఆపాలో వాళ్లు రాసిస్తారు, మత్తు ఇస్తారు కాబట్టి అది దాటకూడదు. బీపీ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర లాంటివి ఏవైనా వాడుతుంటే ముందే చెప్పాలి. ఆ రోజు ఆయన బండి నడపకూడదు. మీరో, మీ అబ్బాయో వెంట ఉండాలి. రెండు పరీక్షలూ ఒకే మత్తులో, ఒకే పూట చేసేయవచ్చు. అలా చేయమని అడగండి.

ఇంకో మాట కూడా అడగండి. పెద్దపేగు మొదలయ్యే చోటు దాటి, చిన్నపేగు చివరి భాగంలోకి కూడా వెళ్లి చూడమనండి. మన దేశంలో పేగు టీబీ ఎక్కువగా గూడు కట్టేది ఆ మూలలోనే. పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చే క్రోన్స్ అనే జబ్బు కూడా ఎక్కువగా అక్కడికే వస్తుంది. కంటికి రెండూ ఒకలాగే కనబడతాయి, మందులు మాత్రం వేరు. అందుకే ముక్క పరీక్ష, బయాప్సీ. ముక్కలన్నీ ఫార్మలిన్ సీసాలో వేస్తే టీబీ కల్చర్‌కు పనికిరావు, ఫార్మలిన్ సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. అక్కడ పుండు కనబడితే కొన్ని ముక్కలు సెలైన్‌లో వేసి కల్చర్‌కు, టీబీ సూక్ష్మజీవి జన్యువును పట్టే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షకు పంపాలి. ఈ ఒక్క సీసా మరిచిపోయి పరీక్ష మళ్లీ చేయించుకున్నవాళ్లున్నారు. అంతా మామూలుగా కనబడినా సరే, విరేచనాలు ఉన్నాయి కాబట్టి పైనా కిందా కొన్ని ముక్కలు తీయాలి. కొన్ని జబ్బులు సూక్ష్మదర్శినిలోనే బయటపడతాయి.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, మీ మనసులో ఉందని తెలుసు. క్యాన్సర్ కావచ్చా? కావచ్చు. అందుకే ఈ నెలలోనే అన్నాను. కానీ ఇలా రక్తం తగ్గి పరీక్షకు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి తేలేది అది కాదు. పుండో, టీబీయో, మొలలో, ఇంకొకటో అవుతుంది. అదే అయినా, ఇప్పుడు కనబడటానికీ ఏడాది తర్వాత కనబడటానికీ చాలా తేడా ఉంది. ఆయన తల్లిదండ్రులకు గానీ, అన్నదమ్ములకు గానీ పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే అది డాక్టరుకు తప్పక చెప్పండి.

రెండూ చేశాక ఏమీ దొరక్కపోతే? అప్పుడు పరీక్షలు వృథా అయ్యాయని అనుకోవద్దు. ఐరన్ ఇచ్చి చూస్తారు. అయినా తగ్గుతూ ఉంటే రెండు గొట్టాలూ చేరని మధ్య పేగు కోసం మింగే కెమెరా మాత్ర ఉంది. రక్తం నిలబడి, విరేచనాలు మాత్రమే మిగిలితే అప్పుడు ఐబీఎస్ మాట ఎత్తవచ్చు. తెల్లవారు డ్యూటీ, బస్టాండు బోండా, రూటు మధ్యలో ఆపుకోవడం, రోజుకు ఆరు టీలు, వీటి గురించి అప్పుడు మాట్లాడుకుందాం. టీలో పాలు రెండు వారాలు మానేసి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష. మన వైపు పెద్దవాళ్లలో చాలామందికి పాలు అరగవు. పెరుగు అరుగుతుంది.

డబ్బుల అనుమానం విషయంలో ఆయన్ని నేను తప్పుపట్టను. అవసరం లేని పరీక్షలు రాసేవాళ్లు ఉన్నారు. మీరు వాటికి ఇప్పటికే కట్టారు కూడా. ఆర్టీసీ ఉద్యోగులకు తార్నాకలో ఆర్టీసీ ఆస్పత్రి ఉంది కదా, ముందు అక్కడ చూపించి పరీక్షలకు ఏర్పాటు గానీ, రిఫరల్ గానీ అడగండి. హైదరాబాద్‌లో ఉస్మానియాలోనూ, గాంధీలోనూ గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాలున్నాయి. జనం ఎక్కువ, కాస్త ఓపిక పట్టాలి.

ఈలోగా మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చినా, వాంతిలో రక్తం పడినా, లేస్తే కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా, కడుపు ఉబ్బి గాలి కూడా పోకుండా నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. అదే పూట ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ లావుపాటి ఫైలు మొత్తం ఇవ్వకండి, ఎవరూ చదవరు. హిమోగ్లోబిన్ చీటీలు మూడూ తేదీల వరుసన ఒకే కాగితానికి పిన్ను కొట్టి, దాని మీద వాడుతున్న మాత్రల పేర్లు, తగ్గిన బరువు రాసి అదే ముందు పెట్టండి. బయాప్సీ రిపోర్టు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. వచ్చాక నాకు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం ఆయన్నే రాయమనండి.